దీపం వెలిగితే తప్పు

కిందటి వారం పొగ కక్కిన మోటారు దగ్గర ఆగాం. అక్కడి నుంచే అందుకుందాం. ఈ వారమే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

చేస్తున్న పనులు ఊడిపోయిన పెద్దవాళ్లకి కొత్త పని నేర్పే కేంద్రం అది. అందులో మోటార్లకి రాగితీగ చుట్టడం నేర్పేది మన వైండింగ్ మేడమ్. ఆమె క్లాసులో మొదటి బల్ల దగ్గర కూర్చునే విద్యార్థి ఎవరో కాదు, ఆమె మామగారే. బతుకంతా లేతు మిషన్ మీద ఇనుము చెక్కిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక గోడలు చూస్తూ కూర్చోలేక కోడలి క్లాసులోనే పేరు రాయించుకున్నాడు. ఆయన చుట్టిన మోటారు ఏనాడూ మొరాయించలేదు. క్లాసుకి ఆయనే మొనగాడు. అలాంటిది, మేడమ్ జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజున వేరే మాస్టారు మాదిరి పరీక్ష పెడితే, ఆ మొనగాడి మోటారే అందరి ముందూ బుసబుసా పొగ వదిలింది.

పక్క బల్ల దగ్గర కూర్చునేది టైలరమ్మ. ఆమె కుట్టే షెడ్డు మూసేశాక ఇక్కడికొచ్చింది. పరీక్ష మధ్యలో అందరూ టీకి వెళ్లినప్పుడు, ఆమె కత్తెర వెతుక్కుంటూ మామగారి మోటారును పక్కకి జరపడం ఎవరో చూశారు. ఇంకేం కావాలి? "నా మోటారు చెడగొట్టింది ఆ అమ్మాయే" అని మామగారు ప్రిన్సిపాలు దగ్గర కూర్చుని చెప్పేశాడు. ఈ మధ్యాహ్నం టైలరమ్మ పేరు కొట్టేస్తారు. ఇలాంటి కేంద్రంలో ఒకచోట పేరు కొట్టేస్తే ఇంకెక్కడా చేర్చుకోరు.

ఆమె ఏ పాపం ఎరగదని తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషే ఇప్పుడు భోజనాల వేళ వర్క్‌షాపులోకి వచ్చి తలుపు దగ్గరకి వేసింది.

లోపల మామగారు ఒక్కడే ఉన్నాడు. మాడిపోయిన మోటారును ముందు పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, లోపలి తీగల్ని వేలితో తడిమి చూస్తున్నాడు. వార్నిష్ వాసన, దాని మీద కాలిన వాసన. గోడ అరలో క్లాసువాళ్లు చుట్టిన మోటార్లన్నీ వరసగా ఉన్నాయి.

"అన్నం తిన్నావా అమ్మాయ్?" అన్నాడు తలెత్తకుండానే. క్లాసు నడుస్తున్నంతసేపూ నోరారా 'మేడమ్' అని పిలుస్తాడు. ఎవరూ లేనప్పుడు మాత్రం ఇంటి పిలుపే.

"తినలేదు మామయ్యగారూ."

"జ్వరం తగ్గి పూర్తిగా కోలుకోనేలేదు, తినకపోతే ఎలా? నా డబ్బాలో ఉంది, తీసుకో."

ఆమె డబ్బా ముట్టుకోలేదు. పొద్దుటి నుంచి రెండుసార్లు చెబుదామని నోరు తెరిచింది, రెండుసార్లూ మూసుకుంది. ఇంట్లో వంటగది గుమ్మం దగ్గర ఒకసారి, వస్తూ బస్సులో ఆయన పక్కన కూర్చుని ఒకసారి. బస్సులో అయితే ఆయనే ఆమె సంచీ కూడా పట్టుకున్నాడు, నీరసంగా ఉందని.

"ఆ అమ్మాయి మీద ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకోండి" అంది గబుక్కున.

ఆయన చెయ్యి ఆగింది. "ఎందుకు?"

"పాపం, పిల్లలున్న మనిషి. పేరు కొట్టేస్తే రోడ్డున పడుతుంది."

"మరి నేను? నేను ఎక్కడ పడ్డానో నువ్వు చూళ్లేదు. మంచంలో ఉన్నావు." ఆయన గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "ఆ మాస్టారు స్విచ్ వేశాడు. అందరూ నా వంకే చూస్తున్నారు, పెద్దాయనది ఎలాగూ తిరుగుతుంది కదా అని. పొగ వచ్చింది. వెనక ఎవడో నవ్వాడు. ఇన్నేళ్ల బతుకులో పని దగ్గర నన్ను చూసి నవ్వినవాడు లేడమ్మాయ్. నా చేతిలో ఏ లోపం లేదని నాకు తెలుసు. నీకూ తెలుసు. నా మోటారు ఎప్పుడైనా ఆగిందా, నువ్వే చెప్పు."

ఇదిగో, ఇక్కడే ఆమె చెప్పాలి.

మీకు చెప్పేస్తాను, ఆమె చెప్పేలోగా. కోర్సు మొదలైన కొత్తలో ఆయన మొట్టమొదటి రాగితీగ చుట్ట వేసి, చొక్కా చేతులు కిందికి దించుకుని, కోడలి వంక గర్వంగా చూసి ఇంటికి వెళ్లాడు. అందరూ వెళ్లాక ఆమె టెస్ట్ ల్యాంపు పెట్టి చూసింది. బల్బుకి రెండు తీగలుంటాయి. ఒకటి చుట్ట కొసకి, రెండోది మోటారు ఇనుముకి ఆనించాలి. పని బాగుంటే బల్బు వెలగదు. వెలిగిందంటే తీగ మీది పొర ఎక్కడో గీసుకుపోయి, కరెంటు ఇనుములోకి పారుతోందన్నమాట. పండక్కి దీపం పెట్టినట్టు, ఆయన చుట్టకి బల్బు నిండుగా వెలిగింది.

పొద్దున్నే ఆయన్ని నలుగురిలో నిలబెట్టి "తప్పు" అనడానికి ఆమెకి నోరు రాలేదు. టీచర్ల శిక్షణలో ఆమెకి చెప్పారు కూడా: పెద్దవాళ్లు పాత పనితనం అంతా వెంటబెట్టుకుని వస్తారు, నలుగురి ముందూ దిద్దకండి, విడిగా పిలిచి మెల్లగా దిద్దండి అని. మన మేడమ్ మొదటి సగం పట్టుకుంది, రెండో సగం వదిలేసింది. విడిగా పిలిచే బదులు, విడిగా తనే కూర్చుని ఆ చుట్ట పీకేసి, మంచిది వేసి, దారం కట్టి పెట్టేసింది. పొద్దున "బాగుందా మేడమ్?" అని ఆయన అడిగితే "బాగుంది" అంది. ఆ ఒక్క మాట అలవాటైపోయింది. రిజిస్టర్ పని ఉందని వంక పెట్టి రోజూ సాయంత్రం వెనక ఉండిపోయేది. ఇంటికి వెళ్లేసరికి ఆయన ఆమె కోసం ఫ్లాస్కులో టీ పోసి ఉంచేవాడు, ఎంత చాకిరీ చేస్తోందో అని జాలిపడుతూ. ఆ టీ తాగడం ఆమెకి ఆ చాకిరీ కంటే కష్టంగా ఉండేది.

"చెప్పవేం? ఆగిందా?" అన్నాడు మళ్లీ.

ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. అరలోంచి ఇంకా తీగ చుట్టని ఖాళీ మోటారు ఒకటి తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. రాగితీగ చుట్ట, పేపరు ముక్కలు, తీగల్ని మెల్లగా దింపే ఫైబర్ పట్టీ, అన్నీ పక్కన పెట్టింది.

"ఒక్క చుట్ట వెయ్యండి. నా ముందు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వేస్తూ ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో పైకి చెప్పండి. నేను ముట్టుకోను."

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వాడు. "పరీక్షా? కానీ, కానీ. మా మేడమ్ ఇవాళ కోపంగా ఉన్నారు." కళ్లజోడు కిందికి లాక్కున్నాడు.

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుంది. ఆ చేతుల్ని నమ్మడానికి లేదు. ఆయన తప్పు చేస్తుంటే వాటంతటవే ముందుకు వస్తాయి.

"ముందు గాడిలో పేపరు వేస్తున్నా" అన్నాడు ఆయన, పాఠం అప్పజెప్పే పిల్లాడి ఫక్కీలో. "తీగ ఇనుముకి తగలకుండా. ఇప్పుడు తీగలు దింపుతున్నా. ఇలా గుప్పెడూ ఒకేసారి పట్టుకుని..."

"ఒకేసారి ఎందుకు?"

"విడివిడిగా పెడితే వదులొస్తుంది కదా." ఆయన బొటనవేళ్లు రెండూ తీగల మీద ఆనించి, భుజం బలమంతా వేసి నొక్కాడు. లేతు మీద ఇనుప కడ్డీని బిగించిన వేళ్లు అవి. తీగలు గాడి అంచుకి రాసుకుంటూ దిగాయి. "బిగువు అమ్మాయ్, బిగువు. మా ఫ్యాక్టరీలో మేస్త్రి మొదటి రోజే చెప్పాడు, బిగింపులో వెంట్రుకవాసి వదులున్నా పని నాశనం అని. ఆ మాట నేను ఇప్పటికీ తప్పలేదు. ఈ పట్టీతో మెల్లగా జోకొట్టడాలూ అవీ చేతిలో బలం లేనివాళ్లకి."

మేడమ్‌కి తల తిరిగిపోయింది. ఇన్నాళ్లూ ఆయన చెయ్యి మొరటు అనుకుంది. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు, ఇక మార్చలేం అనుకుంది. కానీ ఆయన తప్పు చెయ్యడం లేదు! పాత పనిలో ఏది ఒప్పో దాన్ని ప్రాణం పెట్టి చేస్తున్నాడు. అక్కడ బిగువు గుణం, ఇక్కడ అదే రోగం. అది ఆయనకి ఎవరూ చెప్పలేదు. కోర్సు మొదలైన కొత్తలో, ఒక్క పూట, ఎదురుగా కూర్చుని "ఎందుకలా నొక్కుతున్నారు?" అని అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా ఇన్ని సాయంత్రాలు దొంగలా తీగలు పీకింది. ఏడుపు వచ్చేసింది ఆమెకి.

"తప్పు" అంది.

"ఏంటి?"

"తప్పు, మామయ్యగారూ. అలా నొక్కకూడదు. తీగ మీద పొర ఉంటుంది, కంటికి కనపడదు. గాడి అంచుకి రాసుకుంటే గీసుకుపోతుంది."

పెళ్లయి ఆ ఇంట అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఆమె ఆయన ముఖం మీద ఆ మాట అనడం ఇదే మొదలు. ఆయన కోప్పడలేదు. ఏదో సరదాకి అందనుకున్నాడు. "గీసుకుపోతే మరి ఇన్నాళ్లూ ఎలా తిరిగాయి?" అని తనే లేచి, గోడ దగ్గరున్న టెస్ట్ ల్యాంపు తీగలు లాక్కొచ్చి, ఒకటి చుట్ట కొసకి, ఒకటి ఇనుముకి ఆనించాడు.

బల్బు వెలిగింది.

ఆయన తీగలు తీసి, కొసలు చొక్కాకి తుడిచి, మళ్లీ ఆనించాడు. మళ్లీ వెలిగింది. చోటు మార్చి పెట్టాడు. బల్బుని విప్పి బిగించాడు. ప్లగ్గు చూశాడు. అన్నీ అయ్యాక ఇంకేం చెయ్యాలో తెలియక ఆ తీగలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పగటి వెలుతురులో కూడా ఆ బల్బు కళ్లలో గుచ్చుకుంటోంది.

"ముందువి?" అన్నాడు.

ఆమె బల్ల మీది తీగముక్కలు ఏరుతోంది.

"అమ్మాయ్, నిన్నే. ముందువన్నీ తిరిగాయి కదా. అవి?"

"సాయంత్రాలు నేను ఉండిపోయేదాన్ని కదా..."

ఆ పైన చెప్పక్కర్లేకపోయింది. ఆయన అర దగ్గరికి వెళ్లి తన మోటారు ఒకటి తీసి, చుట్ట చివర కట్టిన దారం ముడి వెలుతురుకి పెట్టి చూశాడు. కుడిచేతి వాటం మనిషి ఆయన. ఆ ముడి ఎడమచేతి వాటం వాళ్లు వేసినది. ఇంట్లో ఎడమచేత్తో గరిటె తిప్పేది ఎవరో ఆయనకి తెలియంది కాదు. రెండోది తీశాడు. మూడోది తియ్యలేదు.

"ఎందుకు చేశావు?"

"మీరు చిన్నబుచ్చుకుంటారని."

"ఇప్పుడు పెద్ద చేశావా?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. "నేను చేసింది తప్పే. మీరు నన్ను ఏమన్నా పడతాను. కానీ ఆ అమ్మాయి..."

"నాకొక్కడికేనా?" అన్నాడు మధ్యలో.

"ఏంటి?"

"ఇలా చాటుగా దిద్దిపెట్టడం. నాకొక్కడికేనా, ఇంకెవరికన్నానా?"

ఆమె కళ్లు దించుకుంది. ఆయన చూశాడు. జవాబు దొరికిపోయింది. టెస్ట్ ల్యాంపు ప్లగ్గు తీసి, తీగలు చుట్టి, ఉన్నచోట పెట్టాడు. పనివాడు కదా, ఎంత కొంప మునిగినా సామాను పారేసి వెళ్లలేడు. చేతులు గుడ్డతో తుడుచుకుని తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

"మామయ్యగారూ!"

ఆయన వెనక్కి తిరగలేదు.

ప్రిన్సిపాలు గది వరండా కొసన ఉంది. ఆమె పరుగులాంటి నడకతో వెంటపడింది. ఆయన ఏం చెబుతాడో ఆమెకి అంతుపట్టలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడా, మనసు విరిగి పేరే కొట్టించుకుని వెళ్లిపోతాడా? భోజనాలు చేసి వస్తున్న క్లాసువాళ్లు వాళ్లిద్దర్నీ చూసి మాటలు ఆపేశారు. ఒకరిద్దరు వెంట నడిచారు.

గదిలో టైలరమ్మ అప్పటికే నిలబడి ఉంది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. సంచీ భుజానికి తగిలించుకునే వచ్చింది, ఎలాగూ పొమ్మంటారని తెలిసినట్టు. ప్రిన్సిపాలు ఆమెకి ఏదో నచ్చజెబుతున్నాడు. నచ్చజెప్పడం అంటే ఇంకేం లేదు, నోరెత్తకుండా వెళ్లిపొమ్మని మర్యాదగా చెప్పడం.

"రండి పెద్దాయనా, మీ కోసమే చూస్తున్నాం."

"సార్, ఈ అమ్మాయి తప్పేం లేదు" అన్నాడు మామగారు గుమ్మంలోనే నిలబడి. "నా మోటారు చెడగొట్టింది నేనే. ఇన్నాళ్లూ రోజూ చెడగొట్టాను. రోజూ బాగుచేసింది మా కోడలు. ఆవిడ రాని రోజున నా పని నా పనిలాగే బయటపడింది." టైలరమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "నీ మీద నింద వేశాను తల్లీ. నన్ను తిట్టు."

ప్రిన్సిపాలు మెల్లగా మేడమ్ వైపు తిరిగాడు. "నిజమా?"

ఇక దాచేదేముంది? "నిజమే సార్" అంది ఆమె.

"అంటే మీరు వేసిన మార్కులు?"

ఆయన బల్ల మీది మార్కుల పట్టీ ముందుకి లాక్కున్నాడు.

"అసలు పరీక్ష వచ్చే వారం. బయటివాళ్లు వస్తారు. మీ క్లాసులో ఎవరికి పని వచ్చో, ఎవరికి రాదో నాకెలా తెలియాలి?" ఆ పట్టీని ఆమె వైపు తోశాడు. "అసలు మీకన్నా తెలుసా?"

మేడమ్ అదేమీ వినడం లేదు. టైలరమ్మనే చూస్తోంది. బతికిపోయింది కదా, ఆ ముఖంలో ఒక్క క్షణమైనా సంతోషం కనిపిస్తుందని ఆశపడింది. నిజానికి కనిపించింది కూడా. టైలరమ్మ గట్టిగా ఊపిరి వదిలి, సంచీ దించి, కుర్చీలో కూలబడింది. మరుక్షణం ఏదో తట్టినట్టు తలెత్తింది.

"మేడమ్, మరి నావి?"

"నీవి నేను ముట్టుకోలేదు. ఒట్టు. అన్నీ నువ్వే చుట్టావు."

"నన్ను అందరి ముందూ తప్పు, తప్పు అనేవారు. వేసిన చుట్ట పీకించి మళ్లీ వేయించేవారు. ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని, పెద్దవాళ్లని ఒక్క మాట అనరు, నేనే లోకువయ్యానని."

"అందుకే నీకు పని వచ్చిందమ్మా. నిన్ను దిద్దాను. నిన్నొక్కదాన్నే సరిగ్గా దిద్దాను. నీ పని నిజంగా బాగుంది."

టైలరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. అందులో కోపం లేదు, భయం ఉంది.

"ఆయనకీ అలాగే బాగుందనే చెప్పారు కదా మేడమ్. మీరు బాగుంది అంటే నేనిప్పుడు ఎలా నమ్మను?"

మేడమ్ నోరు తెరిచింది. ఒట్టు వేద్దామంటే ఆ ఒట్టు ఎవరిక్కావాలి? క్లాసులో టీచరు చేతిలో ఉండేది ఒక్క మాట. బాగుందనో బాగాలేదనో ఆమె అంటే అవతలివాళ్లు దాని మీద కాలు వేసి ముందుకు నడుస్తారు. పెద్దవాళ్లని నొప్పించకూడదని మంచికి పోయి ఆ మాటనే పాడుచేసుకుంది. ఇప్పుడు నిజం చెప్పినా నిలబడడం లేదు. ఆమె చేతిలో ఇంకేమీ మిగల్లేదు.

వరండాలో అలికిడి అయింది. గదిలో మాటలు బయటివాళ్లు విన్నారు. విన్నవాళ్లు వర్క్‌షాపులోకి వెళ్లి వచ్చారు. ఎవరి మోటారు వాళ్లు అరలోంచి తీసుకుని, పొట్టకి ఆనించి పట్టుకుని, గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డారు.

ముందు నిలబడ్డవాడు లారీ డ్రైవరుగా పనిచేసి చూపు మందగించి మానేసిన పెద్దమనిషి. వయసులో మామగారి కంటే నాలుగేళ్లు ఎక్కువే. సొంత మామకి ఒక్కడికే దిద్దిపెడితే పక్షపాతం అవుతుందని మేడమ్ ఆయనకీ దిద్దిపెట్టింది; మాదిరి పరీక్ష రోజున ఆయన కంటి ఆసుపత్రికి వెళ్లడంతో సంగతి బయటపడలేదు. నిన్నగాక మొన్న ఆయన కొడుక్కి ఫోను చేసి, ఇక నీ మీద ఆధారపడనురా, నాకు పని వచ్చేసింది అని గట్టిగా చెబుతుంటే ఆమె విన్నది కూడా.

ఆయన లోపలికి వచ్చి, మోటారును జాగ్రత్తగా బల్ల మీద దించి, నవ్వడానికి ప్రయత్నించాడు.

"నాది నాదే కదమ్మా?"